రంగుకు ఉన్న నియమం కూలికి లేదా?

అంతర్జాతీయ పర్యాటకంలో యాత్రికుడు ఒకే ధర చెల్లించి, ఒకే రసీదుపై ఒక ప్రయాణాన్ని కొనుక్కుంటాడు గాని, ఆ ప్రయాణాన్ని నిజంగా సమకూర్చేది విమానయాన సంస్థ, హోటలు, కార్లు అద్దెకిచ్చే యజమాని, డ్రైవరు, గైడు, వంటవారు, దుప్పట్లు ఉతికేవారు, చివరకు అతడు ఏ వస్తువును చూడవచ్చాడో దాన్ని తన చేతులతో తయారుచేసే వృత్తికారుడు. ఒకరి సేవను మరొకరు కొని, దానికి తమ వంతు జోడించి పైవారికి అమ్ముతూ పోయే ఈ వరుసను అర్థశాస్త్ర పరిభాషలో సరఫరా గొలుసు అంటారు. గొలుసు పొడవు పెరిగేకొద్దీ లాభం పై కొసన పోగుపడటం, బాధ్యత కింది కొసకు చేరేసరికి పలచబడిపోవడం ఈ వ్యాపారానికి సహజ లక్షణంగా మారింది. అందువల్ల పర్యాటకంలో నైతిక ప్రవర్తన అంటే మ్యూనిచ్‌లోనో లండన్‌లోనో ఉన్న యాత్రా సంస్థ తన వెబ్‌సైటులో ప్రకటించుకున్న విలువల పట్టికగా మిగిలిపోవాలా, లేక గొలుసు చివరి కడియం దాకా చేరి అక్కడి మనిషి కూలిలో, గౌరవంలో, భద్రతలో కనిపించాలా అన్న ప్రశ్న తలెత్తుతుంది. ఈ ప్రశ్నను పరీక్షించి చూడటానికి పూర్వపు నల్లగొండ జిల్లాలోని రామన్నపేట, పోచంపల్లి, పుట్టపాక ప్రాంతం కన్నా తగిన చోటు తెలుగునాట అరుదు.

2016లో నల్లగొండ నుంచి విడివడిన యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉన్న ఈ ప్రాంతం మెట్టసేద్యానికీ మగ్గానికీ సమానంగా అలవాటుపడ్డది. రామన్నపేట మండలంలోని సిరిపురం, వెల్లంకి, సంస్థాన్ నారాయణపురం మండలంలోని పుట్టపాక, వాటికి ఉత్తరంగా పోచంపల్లి, కొయ్యలగూడెం వంటి ఊళ్లలో గుంత మగ్గాలపై, ముందే కట్టి రంగువేసిన నూలుతో నేసే ఇక్కత్ నేత తరాలుగా సాగుతోంది. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే పిలుపునకు స్పందించి వెదిరె రామచంద్రారెడ్డి నూరెకరాలు దానమిచ్చిన నాటి నుంచి పోచంపల్లి పేరుకు ముందు భూదాన్ అన్న మాట చేరింది. 2005లో పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు లభించింది. ఒక వస్తువు నాణ్యతకూ ఖ్యాతికీ అది పుట్టిన ప్రాంతమే మూలమని చట్టం అంగీకరించి, ఆ పేరును ఇతరులు వాడుకోకుండా ఇచ్చే రక్షణే భౌగోళిక గుర్తింపు. ఇక 2021 డిసెంబరు 2న మాడ్రిడ్‌లో జరిగిన సభలో ఐక్యరాజ్యసమితి ప్రపంచ పర్యాటక సంస్థ, 32 దేశాల నుంచి ఎంపిక చేసిన 44 ఉత్తమ పర్యాటక గ్రామాల్లో పోచంపల్లిని చేర్చింది. మధ్యప్రదేశ్‌లోని లధ్‌పురా ఖాస్, మేఘాలయలోని కాంగ్‌థాంగ్‌లతో పాటు పోటీకి వెళ్లిన ఈ ఊరే ఆ ఏడాది భారతదేశం తరఫున నిలిచింది. 2018లోనే పురపాలక సంఘంగా మారిన పోచంపల్లి మూడేళ్ల తర్వాత గ్రామంగా బహుమతి అందుకోవడం ఒక వింతే అయినా, మగ్గం చప్పుడు ఆగనంత కాలం ఆ పేరు దానికి తగినదే.

ఆ ఎంపికకు వాడిన తొమ్మిది కొలమానాల్లో ఒకటి పర్యాటకాభివృద్ధినీ విలువ గొలుసుతో అనుసంధానాన్నీ కలిపి చూస్తుంది. వచ్చిన యాత్రికుడు ఖర్చుపెట్టే సొమ్ములో ఎంత భాగం ఆ ఊరి రైతు, వృత్తికారుడు, చిరు వ్యాపారి చేతికి చేరుతున్నదన్నదే విలువ గొలుసు అనే మాటకు సారం. చేరవలసిన సొమ్ము చేరకుండా మధ్యలోనే బయటి సంస్థలకు వెళ్లిపోవడాన్ని పర్యాటక ఆర్థికవేత్తలు ఆదాయం జారిపోవడం అంటారు. హైదరాబాదు నుంచి ఉదయం బయలుదేరి, రెండు గంటలు మగ్గాలు చూసి, మధ్యాహ్న భోజనానికి తిరిగి నగరానికి చేరుకునే యాత్రికుని విషయంలో ఈ జారుడు మరీ ఎక్కువ. బస, భోజనం, రవాణా, గైడు రుసుము అన్నీ నగరం ఖాతాలోకే పోగా, ఊరికి మిగిలేది అతడు కొనే చీరో దుపట్టానో మాత్రమే. ఆ కొనుగోలులో నేతగాడి వాటా ఎంతన్నది మళ్లీ వేరే లెక్క.

నియమావళి ఎవరిని ఉద్దేశించింది?

ప్రపంచ పర్యాటక సంస్థ 1999లో చిలీ రాజధాని శాంటియాగోలో ఆమోదించి, 2001లో ఐక్యరాజ్యసమితి సాధారణ సభ గుర్తించిన ప్రపంచ పర్యాటక నైతిక నియమావళిలో పది అధికరణాలున్నాయి. మనుషుల దోపిడీని, ముఖ్యంగా బాలలపై లైంగిక దోపిడీని అది నిషేధిస్తుంది. పర్యాటక ఫలం ఆతిథ్యమిచ్చే సమాజాలకు అందాలంటుంది. పర్యాటక కార్మికుల హక్కులను ప్రస్తావిస్తుంది. సంప్రదాయ చేతివృత్తులు యాత్రికుల కోసం ఒకే అచ్చులో పోసిన నకళ్లుగా దిగజారకుండా, బతికి వర్ధిల్లేలా పర్యాటకాన్ని రూపొందించాలని కోరుతుంది. అయితే ఇది స్వచ్ఛంద నియమావళి. ఉల్లంఘించినవారిని నిలదీసే న్యాయస్థానం లేదు, ఉన్న నైతిక సంఘం సలహా చెప్పగలదే గాని శిక్ష వేయలేదు. ఈ లోటును పూడ్చడానికి 2019లో సెయింట్ పీటర్స్‌బర్గ్ సమావేశంలో దీన్నే ఒక అంతర్జాతీయ ఒడంబడికగా మలిచారు గాని, ఒడంబడిక కూడా దాన్ని ధ్రువీకరించిన ప్రభుత్వాలనే బంధిస్తుంది. ప్రభుత్వం కింద యాత్రా సంస్థ, సంస్థ కింద స్థానిక ఏజెంటు, ఏజెంటు కింద దుకాణదారు, దుకాణదారు కింద నూలిచ్చి నేయించే మాస్టర్ వీవర్, ఆయన కింద కూలి నేత కుటుంబం ఉన్న చోట, పై మెట్టు మీద రాసిన వాక్యం ఆరో మెట్టుకు దానంతట అది దిగిరాదు.

ఆ ఆరో మెట్టు మీద జరిగే పనిని దగ్గరగా చూస్తే సమస్య తీరు తెలుస్తుంది. ఇక్కత్‌లో బొమ్మ బట్ట మీద పుట్టదు, నూలు మీదే పుడుతుంది. నూలును ముందుగా ఆసు పోస్తారు, అంటే అర్ధచంద్రాకారంలో మేకులు బిగించిన చట్రం మీద ఒక్కో పోగునూ అటూ ఇటూ తిప్పి లెక్క ప్రకారం పేరుస్తారు. ఆ తర్వాత గీసుకున్న నమూనాను బట్టి, రంగు అంటకూడని చోటల్లా పాత సైకిలు ట్యూబు నుంచి కోసిన సన్నని రబ్బరు పట్టీలతో బిగించి కట్టి, రంగులో ముంచి, ఆరబెట్టి, కొన్ని కట్లు విప్పి, మరికొన్ని కట్టి, మళ్లీ ముంచుతారు. ఎన్ని రంగులుంటే అన్నిసార్లు ఈ పని తిరగాలి. ఆసు పోయడం చాలా ఇళ్లలో ఆడవారి వంతు. ఒక చీరకు సరిపడా నూలు పేర్చడానికి చేయి సుమారు 9,000 సార్లు అటూ ఇటూ కదలాలి. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తన తల్లి భుజాల నొప్పి చూడలేక ఏళ్ల తరబడి శ్రమించి 1999లో తయారుచేసిన లక్ష్మీ ఆసు యంత్రం, నాలుగైదు గంటల ఆ పనిని గంటన్నరకు తగ్గించింది. 2017లో ఆయనకు పద్మశ్రీ లభించింది. యాత్రికుడి కెమెరాకు చిక్కేది మగ్గం మీది చివరి దశ ఒక్కటే. అంతకు ముందు ఇంటిల్లిపాదీ రోజుల తరబడి చేసిన పనికి ఫొటో లేదు, చాలా సందర్భాల్లో విడిగా కూలి లెక్కా లేదు. 2019-20లో జరిగిన నాలుగో అఖిల భారత చేనేత గణన ప్రకారం నేత పనివారిలో 70 శాతానికి పైగా మహిళలు. నేత కుటుంబాల్లో సుమారు మూడింట రెండు వంతుల ఆదాయం నెలకు 5,000 రూపాయల లోపే.

ఇక్కడ పర్యాటకం కొత్తగా తెచ్చిపెట్టిన చిక్కు ఒకటుంది. నేతకూలి గంటల లెక్కన రాదు, చీర లెక్కనో పడుగు లెక్కనో వస్తుంది. బృందం వచ్చినప్పుడు నేతగాడు నాడె ఆపి, కట్టు విప్పి చూపించి, అడిగినదానికి జవాబు చెప్పి, ఫొటోకు నిలబడితే, ఆ గడియలు నేరుగా అతని కూలిలో కోత. గైడుకు రుసుముంది, డ్రైవరుకు బత్తా ఉంది, బృందాన్ని దుకాణానికి తీసుకువెళితే ఇద్దరికీ కమీషన్ ముట్టడం ఈ వ్యాపారంలో అందరికీ తెలిసిన ఆనవాయితీ. యాత్రకు అసలు ఆకర్షణ అయినవాడు మాత్రం ఉచిత ప్రదర్శన ఇస్తాడు. చూపించడమూ పనేనని, పనికి వెల ఉంటుందని గుర్తించకపోవడమే పర్యాటక సరఫరా గొలుసులోని మొదటి అన్యాయం. దీనికి ఎవరి దురుద్దేశమూ అవసరం లేదు. ఒప్పంద పత్రంలో నేతగాడికి ఒక గడి లేకపోతే చాలు.

రంగు తొట్టి చెప్పే పాఠం

నియమాలు గొలుసు చివరిదాకా చేరడం అసాధ్యమన్న వాదన తరచుగా వినిపిస్తుంది. వేలాది ఇళ్లలో చెదిరి ఉన్న పనిని ఎవరు తనిఖీ చేయగలరన్నది ఆ వాదన బలం. కానీ చేనేత చరిత్రలోనే దీనికి సమాధానం ఉంది. శరీరంలో విడిపోయి క్యాన్సర్ కారక రసాయనాలను వెలువరించే కొన్ని అజో రంగులను జర్మనీ 1994లో నిషేధించింది. ఆ రంగులద్దిన వస్త్రాలు ఐరోపా రేవుల్లో నిలిచిపోయే ప్రమాదం రాగానే ఎగుమతిదారులు మేలుకున్నారు, పరీక్షాకేంద్రాలు వచ్చాయి, 1997లో భారత ప్రభుత్వం కూడా అలాంటి రంగుల వాడకాన్ని నిషేధిస్తూ ఉత్తర్వు ఇచ్చింది. జర్మనీలో మారిన ఒక నియమం ఎగుమతిదారును, రంగుల డీలరును, మాస్టర్ వీవర్‌ను దాటుకుంటూ ఇంటి పెరట్లోని రంగు తొట్టి వైపు నడిచింది. అమలులో లోపాలు లేవని కాదు గాని, దారి ఉందని మాత్రం రుజువైంది.

అదే దారిలో కూలి నియమం ఎందుకు నడవలేదన్నది తేల్చుకోవలసిన విషయం. రంగు కొనేవాడి ఒంటికి తగులుతుంది, కూలి తగలదు. కొనేవాడి ఆరోగ్యానికి ముప్పున్నప్పుడు గొలుసు పొడవు అడ్డం కాలేదు, నేసేవాడి జీవనానికి ముప్పున్నప్పుడు మాత్రం గొలుసు మరీ పొడవైపోయింది. కనుక సమస్య సాంకేతికమైనది కాదు, ఎవరి మేలు కోసం నియమం పెడుతున్నామన్న ఎంపికకు సంబంధించినది. 2023 జనవరి నుంచి అమలులోకి వచ్చిన జర్మనీ సరఫరా గొలుసు చట్టం పెద్ద సంస్థలు తమ సరఫరాదారుల వద్ద మానవ హక్కుల ఉల్లంఘనలు జరుగుతున్నాయేమో ముందే విచారించాలని ఆదేశిస్తూ ఈ ఎంపికను కొంత సరిదిద్దింది. హాని జరిగాక పరిహారం ఇవ్వడం కాక, జరగకముందే వెతికి ఆపే ఈ బాధ్యతను ముందస్తు జాగరూకత అనవచ్చు. పర్యాటక సంస్థలూ దీని పరిధిలోకి వస్తాయి. ఐరోపా సమాఖ్య 2024లో ఇలాంటి ఆదేశాన్నే ఆమోదించి, మరుసటి ఏడాదే దాని అమలు గడువును వెనక్కు జరపడం, వ్యాపార ఒత్తిడి ముందు ఈ సంకల్పం ఎంత పలుచనిదో తెలుపుతుంది. పైగా జర్మనీ చట్టం ప్రధానంగా నేరుగా ఒప్పందం ఉన్న సరఫరాదారునే చూస్తుంది. ఢిల్లీలోని ఏజెంటు దగ్గరే విచారణ ఆగిపోతే సిరిపురం మగ్గం దాకా అది రాదు. ఐరోపా చట్టాలు వచ్చి కాపాడతాయని ఎదురుచూడటం వల్ల ప్రయోజనం లేదని దీని సారాంశం.

పేరు ఒకరిది, పంట ఒకరిది

యాత్రికుడు పోచంపల్లి పేరు చూసి కొంటాడు. ఆ పేరుతో పవర్‌లూమ్ మీద అచ్చువేసిన నకలు బట్ట దొరికినప్పుడు అతను మోసపోవడమే కాక, ఇక్కత్ ఇంత చవకేనన్న భ్రమతో అసలు చీర ధరను అన్యాయంగా భావిస్తాడు. 1985 నాటి చేనేత రిజర్వేషన్ చట్టం కొన్ని రకాలను మగ్గానికే ప్రత్యేకించింది. భౌగోళిక గుర్తింపు చట్టం నకిలీకి ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు శిక్షను, 50,000 నుంచి రెండు లక్షల రూపాయల జరిమానాను నిర్దేశించింది. చట్టం చేతిలో కర్ర ఉన్నా, ఆ కర్ర ఎత్తవలసింది పేరు సొంతదారులైన సంఘాలే. సహకార సంఘాలకు ఏళ్ల తరబడి ఎన్నికలు జరగక, అధికారుల పాలనలో నడిచే చోట, దావా వేయడానికి పూనుకునేదెవరు? గొలుసులో నైతికతకు మొదటి షరతు చివరి కడియానికి నోరుండటం; సంఘం చచ్చుబడిన చోట ఆ నోరు మూతపడుతుంది.

ఇక్కడ మాస్టర్ వీవర్‌ను ప్రతినాయకుడిగా నిలబెట్టడం తేలిక గాని న్యాయం కాదు. పట్టు ధర పెరిగినప్పుడు నూలు అప్పుగా ఇచ్చేదీ, పెళ్లికీ జబ్బుకీ బాకీ ఇచ్చేదీ, అమ్ముడుపోని సరుకు నష్టాన్ని మోసేదీ ఆయనే. బ్యాంకు చేయని పనిని ఆయన చేస్తున్నంత కాలం ఆయన్ను తప్పించే నైతిక ప్రణాళిక కాగితం మీదే ఉంటుంది. కావలసింది ఆయన్ను తొలగించడం కంటే ఆయన లెక్కను వెలుగులోకి తేవడం: నూలుకెంత, రంగుకెంత, ఆసుకెంత, నేతకెంత, దుకాణం వాటా ఎంత అన్నది రహస్యంగా ఉన్నంత కాలం బేరం ఆడే శక్తి ఒకే పక్షానికి ఉంటుంది.

కూలితో పాటు గౌరవం కూడా ఈ గొలుసులో చెల్లించవలసిన బాకీయే. 2025 మే నెలలో ప్రపంచ సుందరి పోటీలు హైదరాబాదులో జరిగినప్పుడు వివిధ దేశాల పోటీదారులు 15న పోచంపల్లికి వచ్చి మగ్గాలను చూశారు. దానికి ముందురోజు రామప్ప ఆలయం వద్ద స్థానిక మహిళలు పోటీదారుల కాళ్లకు నీళ్లు అందించి తుడిచిన దృశ్యం రాష్ట్రమంతటా వివాదమైంది. ఇంటికి వచ్చినవారికి కాళ్లకు నీళ్లివ్వడం తెలుగువారి మర్యాదే. అయితే ఆ మర్యాదకు ఇంటి యజమానురాలి ఇష్టం ఆధారం. ఆదేశం మీద, కెమెరాల ముందు, ఒక ప్రచార కార్యక్రమంలో భాగంగా అదే పని చేయించినప్పుడు ఆతిథ్యం సేవకత్వంగా మారిపోతుంది. చేసేవారు వద్దనగలిగి ఉన్నారా అన్నదే ఈ రెంటి మధ్య గీత.

పోచంపల్లి ఉన్న యాదాద్రి భువనగిరి జిల్లాలోనే యాదగిరిగుట్ట ఇంకా కఠినమైన పాఠం నేర్పింది. 2018లో రాచకొండ పోలీసులు అక్కడి వ్యభిచార గృహాల నుంచి బాలికలను విడిపించినప్పుడు, లక్షల మంది భక్తులు వచ్చే క్షేత్రంలో ఇంత కాలం ఇది ఎలా సాగిందని దేశమంతా ప్రశ్నించింది. లాడ్జి గది, ఆటో, దళారీ, చూసీ చూడని పొరుగు, అన్నీ కలిస్తేనే అలాంటి నేరం నిలుస్తుంది. అంటే పర్యాటక సేవల గొలుసే నేరపు గొలుసుగానూ పనిచేయగలదు. కేంద్ర పర్యాటక మంత్రిత్వశాఖ 2010లో తెచ్చిన సురక్షిత, గౌరవప్రద పర్యాటక ప్రవర్తనా నియమావళి హోటళ్లు, రవాణాదారులు, గైడ్లు బాలల దోపిడీని అడ్డుకుంటామని ప్రతిజ్ఞ చేయాలని కోరింది. ప్రతిజ్ఞతో సరిపెట్టకుండా లాడ్జి లైసెన్సు పునరుద్ధరణకు దాన్ని షరతుగా చేసి, గది ఇచ్చేటప్పుడు గుర్తింపు నమోదును తనిఖీ చేయడం స్థానిక సంస్థల చేతిలో ఉన్న పనే.

చేయదగినవి

సరఫరా గొలుసును చక్కదిద్దడానికి పెద్ద ధ్రువీకరణ ముద్రలు మార్గమని ప్రపంచ సుస్థిర పర్యాటక మండలి వంటి సంస్థలు చెబుతున్నాయి. హోటళ్లకూ యాత్రా సంస్థలకూ అవి పనికివస్తాయి గాని, గుంత మగ్గం ఉన్న రెండు గదుల ఇంటికి ఆడిటు రుసుము, ఇంగ్లీషు దరఖాస్తు మోయలేని బరువు. అందుకే చిన్నవి, స్థానికమైనవి, లెక్కకు దొరికేవి అయిన పద్ధతులు ముందు కావాలి. మగ్గం చూడటానికి వచ్చే ప్రతి బృందం నుంచి తలకింత చొప్పున రుసుము తీసుకుని, ఆ రోజే చూపించిన ఇంటికి చెల్లించే ఏర్పాటు పంచాయతీ లేదా పురపాలక సంఘం తీర్మానంతో సాధ్యమవుతుంది. ఆ ఇళ్ల వంతు వారం వారం మారి, పోచంపల్లి ఒక్కచోటే గుమిగూడకుండా సిరిపురం, వెల్లంకి, పుట్టపాకలకూ దారి మళ్లాలి. 2020లో తేలియా రుమాలు అనే ఇక్కత్ రకానికి విడిగా భౌగోళిక గుర్తింపు పొందిన పుట్టపాకకు చూపించుకోదగిన సంపద ఎంతో ఉంది. గైడ్లు, డ్రైవర్లు తీసుకునే కమీషన్ బిల్లులో కనిపించాలి. కనిపించే కమీషన్‌ను కొనేవాడు ప్రశ్నించగలడు. చీర వెంట ఇచ్చే చీటీలో భౌగోళిక గుర్తింపు కింద నమోదైన వాడుకదారు సంఖ్యతో పాటు నేసిన కుటుంబం పేరు, వారికి ముట్టిన కూలి కూడా రాయించవచ్చు. హైదరాబాదులో యాత్రా ప్యాకేజీలు అమ్మే సంస్థలతో రాష్ట్ర పర్యాటక శాఖ చేసుకునే ఒప్పందాల్లో ఈ నిబంధనలు చేరితే, విదేశీ సంస్థ చేయవలసిన ముందస్తు విచారణకు కావలసిన ఆధారమూ ఇక్కడే తయారవుతుంది.

ఈ కట్టుబాట్ల వల్ల యాత్రలు ప్రియమై జనం రావడం మానేస్తారన్న భయాన్ని కొట్టిపారేయనక్కరలేదు. అయితే తలకు కొద్ది రూపాయల రుసుముకు వెనుదీసే యాత్రికుడు చీర కొనేవాడూ కాదు. వేలు పోసి కొనేవాడికి ఆ చీర వెనకున్న కూలి లెక్క నిజాయితీకి హామీ అవుతుంది. నమ్మకానికి ధర కట్టే మార్కెట్లో నిజం చెప్పడం నష్టం తేదు.

ఇక్కత్ నేసేవారికి తెలిసిన ఒక సంగతి విధానాలు రాసేవారికీ పనికివస్తుంది. నూలు మీద కట్టు ఒక పోగు పక్కకు జరిగినా బట్ట మీద బొమ్మ చెదురుతుంది, నేసేటప్పుడు ఎంత జాగ్రత్తపడినా ఆ తప్పు దిద్దుకోదు, మగ్గం మీద సరిచేయడానికి మిగిలేది చాలా తక్కువ. పర్యాటక ఒప్పందంలోనూ ఎవరి కూలి ఎంత, ఎవరు వద్దనవచ్చు, ఎవరు జవాబుదారీ అన్నవి మొదటే కట్టవలసిన కట్లు. అవి లేకుండా యాత్ర మొదలయ్యాక మాడ్రిడ్ నుంచి బహుమతి వచ్చినా, చీటీలో రాయని కూలి వెల్లంకి ఇంటికి చేరదు.